దొరగారి గేరు కుదిరింది

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. కుశల ప్రశ్నలకు ఇంతకుమించి ఓపిక లేదు, ఎందుకంటే అసలు వార్త గొంతులో కొట్టుకుంటోంది: దొరగారి, అదే ఆ పాత సైకిలు, గేర్లు మూడూ పడుతున్నాయి. మూడోది కూడా! ఒకసారి వంతెన మీద పగిలిన నీ కుడి మోకాలిని తడిమి చూసుకుని తర్వాత చదువు.

మొదటి గేరు వేసి నాలుగు తొక్కులు తొక్కేలోగా హ్యాండిలు మీది లీవరు దానంతటదే టక్కుమని రెండో గేరులోకి జారిపోయేది కదా, అక్కడ మొదలుపెట్టాను. మొదటి గేరులోనే కేబులు అన్నిటికంటే బిగువుగా ఉంటుంది, వెనక చక్రం నడుమ గేర్లు ఇమిడి ఉండే హబ్బు లోపలి స్ప్రింగు దాన్ని అదేపనిగా వెనక్కి లాగుతూ ఉంటుంది. అందుకే ట్రిగ్గర్, అంటే ఆ లీవరు, లోపలి పన్ను కాస్త అరిగినా ముందు నిలవనిది ఆ గేరే. ట్రిగ్గర్ పక్కనున్న సందులోంచి టార్చి వేసి చూస్తే, నిటారుగా ఉండవలసిన పన్ను అంచు నున్నగా గుండ్రబడి మెరుస్తోంది. మార్చక తప్పదని తేలిపోయింది.

మార్చడం ఎంత పని అనుకుంటాం గానీ, పాత సామాను అమ్మేవాళ్లలో చాలామందికి మూడు గేర్ల సైకిలంటే అన్నీ ఒకటే. ఒకాయన ఎంతో నమ్మకంగా పంపిన లీవరు వేరే కంపెనీ హబ్బు కోసం చేసినది. అది లాగే కేబులు కొలత వేరు కనుక ఒక గేరు కుదిరితే ఇంకొకటి కుదరలేదు. ఇంకొకాయన పై గొట్టానికి బిగించే పాతకాలపు క్వాడ్రంట్ లీవరు చూపించాడు. చూడముచ్చటగా ఉంది, ఒప్పుకుంటాను, కానీ అది దొరగారి కంటే ఒక తరం ముందరిది. మెట్లు లేని ఫ్రిక్షన్ లీవరు ఏదైనా పెట్టుకోవచ్చని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కేబులును లాగడం వరకు అదీ పని చేస్తుంది, నిజమే; కానీ ఈ హబ్బులో రెండో గేరుకీ మూడో గేరుకీ నడుమ ఏ గేరూ పట్టని ఖాళీ ఒకటి ఉంది, లీవరు అక్కడ ఆగిందంటే పెడలు గాలిలో తిరిగినట్టు ముందుకు తిరిగిపోతుంది. ఆ ఖాళీ సంగతి నీకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదనుకో. వంతెన ఎక్కుతూ లేచి నిలబడి తొక్కినప్పుడు నువ్వు పలికిన మాటను మాత్రం ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మీ ఇంట్లో ఇంకెవరైనా చదవవచ్చు.

చివరికి హబ్బు మీది మడ్డిని కిరసనాయిలుతో తుడిచి, దాని మీద ఉన్నదాన్నే ఆధారం చేసుకున్నాను. స్టర్మీ ఆర్చర్ కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అనే అక్షరాలు, వాటి పక్కన 62 అనే అంకె కనిపించాయి. ఆ అంకె తయారైన సంవత్సరంలోని చివరి రెండంకెలు, అంటే 1962. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఈ రకం హబ్బును 1936 నుంచి తయారు చేశారు, ఆ తర్వాత దశాబ్దాల తరబడి పెద్దగా మార్చకుండానే చేస్తూ వచ్చారు. 2000లో కంపెనీ తైవాన్ వాళ్ల చేతికి వెళ్లింది. ఇంతకాలం దాదాపు ఒకే పోలికతో తయారవడమే మన అదృష్టం. "మూడు గేర్ల ట్రిగ్గర్ ఉందా" అని అడగడం మానేసి, "స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్బుకి, 22.2 మిల్లీమీటర్ల హ్యాండిలుకి పట్టేది ఉందా" అని అడగడం మొదలుపెట్టాక అవతలివాళ్ల మాట తీరే మారిపోయింది. తుక్కుకు వెళ్లవలసిన ఒక సైకిలు నుంచి విప్పిన ట్రిగ్గర్ దొరికింది. మెరుగు అక్కడక్కడ పోయి చుక్కలు పడింది గానీ పన్ను మాత్రం కొత్తదానిలా పదునుగా ఉంది.

బిగించాను. మొదటి గేరు బండలా నిలబడింది. మూడోది మాత్రం మళ్లీ జారింది!

ఇక్కడే సూరీ, అసలు కథ. ఈ హబ్బును సరిచేసే పద్ధతి నీకు తెలిసిందే: లీవరును రెండో గేరులో ఉంచి, కుడివైపు నట్టుకున్న చిన్న కిటికీలోంచి చూస్తూ, లోపలి కడ్డీ చివర ఇరుసు చివరతో సమంగా వచ్చేదాకా కేబులు బిగించాలి. నేను టార్చి పెట్టి చూస్తే ఆ కిటికీలో కడ్డీ కొసే కనిపించలేదు. అది ఉండవలసిన చోట దాన్ని కేబులుకు కలిపే చిన్న గొలుసు లింకులు కనిపించాయి. కడ్డీ అసలు కొస కొన్ని మిల్లీమీటర్లు లోపలే ఉండిపోయింది. చక్రం విప్పి ఇరుసు కొలిచాను. ఈ హబ్బులకు ఇరుసులు రెండు పొడవుల్లో వస్తాయి, ఒకటి 5¾ అంగుళాలు, ఇంకొకటి 6¼ అంగుళాలు. దేని కడ్డీ దానిదే. దొరగారిది పొడుగు ఇరుసు, అందులో ఉన్నదేమో పొట్టి ఇరుసు కడ్డీ. ఎప్పుడో ఎవరో దొరికినదాన్ని దూర్చేశారు.

ఇప్పుడు ఆలోచించు. పొట్టి కడ్డీని పద్ధతి ప్రకారం ఇరుసు కొసకు సమంగా తేవాలని చూసినకొద్దీ కేబులు అవసరానికి మించి బిగుస్తుంది. అప్పుడు మూడో గేరు కోసం లీవరును వదిలినా కేబులు పూర్తిగా వదులు కాదు, లోపలి భాగం సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చి ఆగుతుంది. అంటే వంతెన మీద నీ మోకాలు పగలగొట్టింది ట్రిగ్గర్ కానే కాదు! అంతేకాదు, ట్రిగ్గర్ పన్ను అరిగిపోవడానికి కూడా ఆ అతి బిగువే కారణమని నా అనుమానం. ఇక నీ "ఇంకొక్క చుట్టు" సిద్ధాంతం దీనికి ఎంత సాయం చేసిందో నేను వేరే చెప్పాలా? ఆ రోజు కేబులు బిగించే అడ్జస్టరును తిప్పుతూ నువ్వు పెట్టిన ముఖం గుర్తొస్తే... సరే, పోనీలే, మోకాలు ఇప్పటికే శిక్ష అనుభవించింది.

6¼ అంగుళాల ఇరుసుకి సరిపడే కడ్డీ మాత్రం కొత్తదే దొరికింది, పాత ఇరుసులోకి ఏ పేచీ లేకుండా దిగింది. వేళ్లతో చివరిదాకా బిగించి, గొలుసు కేబులు వైపు తిరిగేలా అర చుట్టుకు మించకుండా వెనక్కి వదిలాను. మొదటి గేరులో చక్రం వేగం పావు వంతు తగ్గుతుంది, రెండోది నేరుగా తిరుగుతుంది, మూడోది మూడో వంతు పెంచుతుంది అని చదివిన లెక్కను కాళ్లతో తెలుసుకోవడం ఇదే మొదటిసారి. రెండో గేరులో వెనక చక్రం టిక్ టిక్ మంటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నిలబడి కూడా తొక్కాను. మూడో గేరులోనే, నీ వంతెన మీదే.

ఇంకా నట్టు గొడవ ఒకటి మిగిలింది. ఆ ఇరుసు మర అంగుళానికి 26 చుట్లది, దాని మీదికి 10 మిల్లీమీటర్ల నట్టును బలవంతంగా ఎక్కించబోయిన మహానుభావుడు ఒకడు ఉన్నాడు, అతని సంగతి పూర్తిగా రాయాలి. కేబులు తొడుగు ఆగే క్లిప్పును పై గొట్టం మీద ఎక్కడ బిగించాలో కూడా నిన్ను అడగాలి, ముందుకు జరిపితే బిగువు, వెనక్కి జరిపితే... తపాలా సంచి కట్టే వేళయింది, కవరు ఇప్పుడే అంటించకపోతే ఇది ఇంకో వారం బల్ల మీదే ఉంటుంది. క్లిప్పు గురించి వెంటనే రాయి.

నీ
రాము