దీర్ఘశాంతం ఎవరికి బోధిస్తున్నాం?

సంపాదక మహాశయులకు,

మన తెలుగు క్రైస్తవ సంఘాలలో దేవుని దీర్ఘశాంతాన్ని గూర్చిన ప్రసంగాలకు కొదవ లేదు. అయితే ఆ ప్రసంగం చివరకు ఎవరి మీదికి వచ్చి ఆగుతున్నదో గమనించినప్పుడు మనసు కలుక్కుమంటుంది. తాగి వచ్చి కొట్టే భర్తను సహించమని భార్యకు చెబుతున్నాం. కానుకల లెక్క అడిగిన యౌవనస్థుడికి సాత్వికం నేర్చుకొమ్మని చెబుతున్నాం. ఆ మాట చెప్పే బోధకులలోనే కొందరు యూట్యూబులో ఒకరినొకరు దొంగ బోధకులని తిట్టుకుంటూ, అది చాలదన్నట్టు ఇతర మతస్థుల ఆరాధ్య దైవాలను ఎగతాళి చేస్తూ, దానిని సత్యం పట్ల ఆసక్తిగా చెప్పుకుంటున్నారు. సహనం చిన్నవారు పెద్దలకు చెల్లించవలసిన కప్పంలా తయారైంది. లేఖనాలు చూపే మార్గం దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నదని నా అభిప్రాయం.

దేవుడు తాను దీర్ఘశాంతుడనని ప్రకటించుకున్న సందర్భం నిర్గమకాండం 34వ అధ్యాయంలో ఉంది. ప్రజలు బంగారు దూడకు మ్రొక్కారు, మోషే రాతి పలకలను పగులగొట్టాడు, ఆ జనాన్ని ఒక్క దెబ్బతో తుడిచివేయగల అధికారం దేవుని చేతిలో ఉంది. అటువంటి సమయంలో ఆయన తనను కనికరం, దయ, దీర్ఘశాంతం గలవానిగా పరిచయం చేసుకున్నాడు. ఆ వెంటనే దోషిని నిర్దోషిగా ఎంచనని కూడ అన్నాడు కనుక, తప్పును చూసీ చూడనట్లు వదిలివేయడం దీర్ఘశాంతం కాదు. శిక్షించగలవాడు శిక్షను ఆపి, ఎదుటివాడు తిరిగి రావడానికి గడువు ఇవ్వడమే దీర్ఘశాంతం. ఈ గుణమే యోనాకు మింగుడుపడలేదు. పశ్చాత్తాపపడిన నీనెవె పట్టణం నాశనం కాలేదని అలిగి కూర్చున్న ఆ ప్రవక్తను దేవుడు గద్దించలేదు. నీవు కోపించుట న్యాయమా అని అడిగి, అతనికి నీడగా సొరచెట్టును మొలిపించి, దానిని వాడజేసి, కుడియెడమలు ఎరుగని 1,20,000 మందికి పైగా జనమున్న పట్టణం విషయంలో తాను జాలిపడవద్దా అని మళ్ళీ ప్రశ్నించాడు. పాపం చేసిన పట్టణానికీ, దాని మీద కోపించిన సేవకునికీ ఒకే ఓర్పు దక్కింది. యోనా ఏమి జవాబిచ్చాడో ఆ గ్రంథం చెప్పదు.

నాయకులు ఓర్పు కోల్పోతే ఏమవుతుందో సంఖ్యాకాండం దాపరికం లేకుండా చెబుతుంది. 12వ అధ్యాయంలో భూమి మీద అందరికంటె సాత్వికుడని పేరు పొందిన మోషే, 20వ అధ్యాయంలో నీళ్ళ కోసం గోల చేసిన ప్రజలను "ద్రోహులారా" అని పిలిచి, దేవుడు మాట్లాడమన్న బండను మాట్లాడకుండా రెండుసార్లు కొట్టాడు. దప్పిగొన్న జనానికి నీళ్ళు దొరికాయి. వాగ్దాన దేశంలో అడుగు పెట్టే భాగ్యం మాత్రం మోషేకు దక్కలేదు. ఆనాడు సణిగింది ప్రజలే అయినా, ఆ అధ్యాయంలో తీర్పు పొందినవారు వేదిక మీద నిలబడిన మోషే అహరోనులు. మన కన్వెన్షన్లలో సణుగుడును గూర్చి వినబడినంతగా ఈ తీర్పును గూర్చి వినబడదు.

యేసు ప్రభువు చెప్పిన ఉపమానమూ ఇదే వైపు నడుస్తుంది. రాజుకు పదివేల తలాంతులు బాకీ ఉన్న దాసుడు "నాయెడల ఓర్చుకొనుము" అని వేడుకొని క్షమాపణ పొందాడు. ఒక దేనారం అప్పట్లో ఒక రోజు కూలి. ఒక తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. అంతటి అప్పు నుండి విడుదల పొందినవాడు బయటికి వచ్చి, నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. ఆ తోటివాడు వేడుకున్నదీ అవే మాటలతో. ఇక్కడ ప్రభువు ఓర్పు నేర్చుకొమ్మన్నది గొంతు పట్టుకున్నవాడికి గాని, గొంతు నలుగుతున్నవాడికి కాదు.

ప్రభువే దేవాలయంలో కొరడా పట్టాడు గదా అని కొందరు అడుగుతారు. పట్టాడు, ప్రార్థనా మందిరాన్ని వ్యాపార స్థలంగా మార్చినవారి మీద పట్టాడు. తమను చేర్చుకోని సమరయుల గ్రామం మీదికి ఆకాశం నుండి అగ్నిని రప్పిద్దామని శిష్యులైన యాకోబు, యోహాను అడిగినప్పుడు ఆయన తిరిగి వారిని గద్దించి మరొక గ్రామానికి వెళ్ళిపోయాడు. అన్యమతస్థులను కెమెరా ముందు దూషించే సోదరులు లూకా సువార్త 9వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవాలని మనవి. పేతురు తన మొదటి పత్రికలో ముష్కరులైన యజమానుల క్రింది దాసులకు ఓర్పు బోధించాడన్న మాటా నిజమే. కానీ అదే పత్రికలో భార్యను సన్మానించని భర్త ప్రార్థనకు అభ్యంతరం కలుగుతుందని హెచ్చరించాడు, మంద మీద ప్రభువులైనట్టు ఉండవద్దని పెద్దలకు ఆజ్ఞాపించాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించిన న్యాయాధిపతులే స్వయంగా వచ్చి తనను, సీలను చెరసాల వెలుపలికి తీసికొనిపోవాలని అపొస్తలుడైన పౌలు పట్టుబట్టాడు. పౌలుది ఓర్పు లేనితనమని ఎవరూ అనలేదు.

మా ప్రాంత చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్న వేలాది మందికి పని కల్పించాడు. కూలి ఇచ్చే చెయ్యే మతమూ ఇవ్వగలిగిన ఆ సమయంలో, అన్నం కోసం ఎవరూ రాకూడదని ఆయన బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయ కార్యక్రమం ముగిశాకే బాప్తిస్మాలు ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ఏటా గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆగిన నెలలను గూర్చి ఎక్కువగా చెప్పుకోం.

కనుక సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. ఎవరినైనా ప్రభువు బల్ల (సంఘం రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆరాధన) నుండి తొలగించే ముందు మత్తయి 18వ అధ్యాయం చెప్పినట్లు మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురి ఎదుట, ఆ పిమ్మటనే సంఘం ఎదుట మాట్లాడండి. లెక్కలు అడిగినవారికి లెక్కలు చూపండి. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి ఓర్పు ప్రసంగం చేయకుండా, ముందు ఆమెకు క్షేమమైన చోటు చూపి, 2005 నాటి గృహ హింస నిరోధక చట్టం క్రింద ఆమెకున్న హక్కులు తెలియజేసి, దీర్ఘశాంతాన్ని గూర్చిన మాటలు ఆమె భర్త దగ్గరికి వెళ్ళి చెప్పండి.

భవదీయుడు,
ఒక సంఘ సభ్యుడు, ఒంగోలు