అమర్దా రోడ్ రన్‌వే గురించి పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

ఇది మన రాష్ట్రంలోని ఎయిర్‌పోర్టు గురించి కాదండీ. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా రాస్‌గోవింద్‌పూర్ దగ్గర, బెంగాల్ సరిహద్దు పక్కనే ఉన్న అమర్దా రోడ్ ఎయిర్‌స్ట్రిప్ గురించి. వైజాగ్ నుంచి హౌరా వెళ్లేవాళ్లకి ఆ పేరుతో ఒక చిన్న స్టేషన్ తగులుతుంది, కానీ లోపల సాల్ చెట్ల మధ్య రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి, 11,000 అడుగుల పైచిలుకు పొడవున, ఇంకా ఉందని చాలామందికి తెలియదు.

1942 మార్చిలో, రెండో ప్రపంచ యుద్ధంలో, అప్పటి బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. బర్మా మీద బ్రిటిష్ పైలట్లకి వచ్చిన అసలు ఇబ్బంది ఏమిటంటే, జపాన్ ఫైటర్లు తేలికైనవి, చాలా చిన్న చుట్టులో తిరిగి వెనక్కి వచ్చేస్తాయి, వాటితో పాటు చుట్టూ తిరగబోయిన హరికేన్ (బ్రిటిష్ ఫైటర్ విమానం) ఇక దొరికిపోయినట్టే. పై నుంచి దూకి, కాల్చి, ఆగకుండా దాటిపోవాలి. ఈ పద్ధతినీ, కదిలే విమానానికి ఎంత ముందుకి గురి పెట్టాలన్న లెక్కనీ నేర్పడానికి 1943లో అమర్దా రోడ్‌లో ఎయిర్ ఫైటింగ్ ట్రైనింగ్ యూనిట్ పెట్టారు. దాన్ని నడిపిన బ్రిటిష్ పైలట్ ఫ్రాంక్ కేరీ రంగూన్ మీద స్వయంగా పోరాడినవాడు. బర్మా యుద్ధం మలుపు తిరగడంలో ఈ అడవి బడికి భాగం ఉందని నా గట్టి నమ్మకం.

1945 జూలై 26న ఇక్కడే, శిక్షణలో ఉన్న రెండు లిబరేటర్ బాంబర్లు గాల్లో ఢీకొని 14 మంది చనిపోయారు. ఇంకో మూడు వారాలు గడిస్తే యుద్ధమే అయిపోయేది! ఆ మాట తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద ఈ స్ట్రిప్‌ని మళ్లీ వాడుకలోకి తెస్తారని కొన్నేళ్లుగా వింటున్నాం. తప్పకుండా తేవాలి, ఆ జిల్లాకి విమానం రావాలి. కానీ బుల్డోజర్లు దిగాక పాత కాంక్రీటు, కట్టడాల ఆనవాళ్లు ఒక్క వారంలో మాయమైపోతాయి, తర్వాత ఎంత డబ్బు పోసినా తిరిగి రావు. అందుకే పని మొదలుపెట్టే ముందు పురావస్తు శాఖతో కలిసి ఒక సర్వే చేయించండి, మిగిలినవాటిని ఫోటోలతో, కొలతలతో రికార్డు చేయించండి. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పేదాన్ని వాళ్ల భాషలోనే, ఒడియాలో, సంతాలీలో రికార్డు చేయించాలి, ఇది మాత్రం నిజంగా అర్జెంటు, ఆ తరం వెళ్లిపోతోంది. టెర్మినల్ కడితే అందులో ఒక గోడ ఈ చరిత్రకి ఇవ్వండి, చనిపోయిన ఆ 14 మంది పేర్లూ దాని మీద రాయించండి.

టెండర్ పత్రాల్లోనే ఈ షరతులు చేర్చమని మీ అధికారులకు చెప్పగలరా? తర్వాత చూద్దాం అనుకుంటే కాంట్రాక్టరు ఆగడు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు