కేటీ హొరోపో కచేరీకి చేయి వేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

శనివారం హొరోపో (వెనెజువేలా మైదానాల జానపద సంగీతం) కచేరీ, ఆదివారం పొద్దున క్వాత్రో (నాలుగు తీగల చిన్న గిటార్‌లాంటి వాయిద్యం) క్లాసు రెండూ సవ్యంగా జరిగిపోయాయి. వెనెజువేలా నుంచి వచ్చి హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్న ఆ హార్పు విద్వాంసుడి ఇమిగ్రేషన్ కాగితాల పని ఇంకా నడుస్తోంది. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. వచ్చినవాళ్లకు తెలుసు. కేటీలో వెనెజువేలావాళ్లు ఎంతమందో, మనవాళ్లూ అంతే కనిపిస్తారు. కానీ ఇన్నాళ్లూ ఒకళ్ల పాట ఒకళ్లం విన్నది లేదు.

మొదటి దండం, హార్పుకి తీగలు తెచ్చిన తమ్ముడికి. యానోస్ మైదానాల హార్పుకి 32 తీగలు, అటూ ఇటూ ఒకటో రెండో. పెడళ్లు ఉండవు. శ్రుతి మారాలంటే తాళంచెవిలాంటి దానితో ఒక్కో గుబ్బ తిప్పుకోవాల్సిందే. గురువారం సాయంత్రం పై స్థాయిలో మూడు తీగలు తెగాయి. ఇవి నైలాన్ తీగలు, చాలామంది గాలపు తీగనే కడతారు. చూపుకి అన్నీ ఒకలాగే ఉంటాయి గానీ, మందం మిల్లీమీటరులో పదో వంతు మారినా పక్క తీగతో స్వరం అతకదు. అతను తెగిన ముక్కలు జేబులో వేసుకెళ్లి, చేపల సామాన్ల దుకాణంలో కాలిపర్‌తో కొలిచి మరీ తెచ్చాడు. తీగ చివరి ముడి హార్పు పెట్టె లోపల పడుతుంది. ఒట్టి ముడి వేస్తే బిగించేటప్పుడు రంధ్రంలోంచి జారి వచ్చేస్తుంది, అందుకని ముడిలో లావు తీగ ముక్క ఒకటి ఇరికించాలి. మొదటిసారి అది మర్చిపోయాం, జారింది. కొత్త నైలాన్ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది. శుక్రవారమంతా గంటకోసారి శ్రుతి చేసిన ఇద్దరు అక్కలకు ప్రత్యేకంగా నమస్కారం. శనివారం పొద్దున కట్టి ఉంటే రెండో పాటకే అపస్వరం పలికేది.

వ్యాన్ ఇచ్చిన అన్నయ్యకి కూడా. హార్పు బరువు పెద్దగా ఉండదు గానీ మనిషి భుజం దాకా వస్తుంది, సెడాన్‌లో పట్టదు. టెక్సాస్ ఎండలో ఆపిన బండిలో వదిలేస్తే జిగురు మెత్తబడి అతుకులు కదులుతాయి. దారిలో టీ తాగుదామని ఎవరో అంటే, ఆయన దిగనివ్వలేదు. హాల్లో ఏసీ ముందుగానే వేయించిందీ ఆయనే. వేడిలో శ్రుతి చేసి, చల్లబడ్డాక వాయిస్తే చేసిన పనంతా వృథా.

చప్పుడు సంగతి. హార్పు పలక తనంతట తానే మోగే పెట్టె. ఎదురుగా మానిటర్ (వాయించేవాళ్లకు వినపడేందుకు వేదిక మీద పెట్టే స్పీకరు) పెడితే కింది స్వరాల దగ్గర 'హూం' అని గోల మొదలవుతుంది. సౌండ్ చూసిన మిత్రుడు మానిటర్‌ని పక్కకు తిప్పి, బేస్ గిటార్ ఎలాగూ ఉంది కాబట్టి హార్పు మైకులో అడుగు స్వరాలు కొంచెం తగ్గించాడు. మరాకాలకు (చేత్తో ఆడించే గింజల బుర్రలు) మైకు జానెడు దూరంలో పెట్టబోతే ఆపి, రెండు మూడడుగుల వెనక్కి జరిపాడు. ఆ రెండు బుర్రలూ ఒక్కచోట ఆడవు మరి. వాటి లోపలివి కపాచో గింజలు, అంటే మన పెరళ్లలో ఉండే మెట్టతామర జాతి గింజలే! నల్లగా, రాయిలా గట్టిగా ఉంటాయి. ఇండియా నుంచైనా, ఎక్కణ్ణుంచైనా అలాంటివి తెస్తుంటే కస్టమ్స్‌లో విత్తనాలున్నాయని ముందే చెప్పండి. దాచితే వాయిద్యం పోతుంది, జరిమానా కూడా పడొచ్చు.

క్లాసులో మృదంగం మాస్టారు లేకపోతే మేం తేలిపోయేవాళ్లం. హొరోపోలో ఆరు అక్షరాల చుట్టు ఒకేసారి రెండు రకాలుగా నడుస్తుంది: ఒకరు 'తకిట తకిట' అంటుంటే ఇంకొకరు 'తక తక తక'. మాస్టారు కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి వేసి చూపించాక పిల్లలకు నిమిషంలో ఎక్కేసింది. అసలు తిప్పలు తర్వాత. 'పోర్ కొర్రీయో', 'పోర్ దెరేచో' అని రెండు నడకలున్నాయి. ఊనిక పడే చోటు వేరు. క్వాత్రో ఒకదానిలో, మరాకాలు ఇంకోదానిలో పడితే లెక్క సరిగ్గానే ఉంటుంది గానీ పాట కుంటుతుంది. పహరీయో అనే హొరోపో బాణీ రెండో రకం. మొదలుపెట్టే ముందే ఏ నడకో గట్టిగా చెప్పుకోవాలి.

క్వాత్రో శ్రుతి ల-రె-ఫ#-సి (ఇంగ్లిష్ స్వరాల్లో A-D-F#-B). దానికి 'కాం-బూర్-పిన్-తోన్' అని పాడుకుంటారు, దోరమాగిన అరటిపండు అని అర్థం. నాలుగో స్వరం పైకి పోకుండా రె కంటే కిందికి దిగుతుంది. ఒకరు ప్రేమగా యుకలేలే తీగలు నాలుగు సెట్లు తెచ్చారు. వాటిని వాడలేదు, ఏమీ అనుకోవద్దు. యుకలేలే కంటే క్వాత్రో తీగ పొడవెక్కువ, అదే స్వరానికి బిగిస్తే లాగుడు చాలా పెరిగి బ్రిడ్జి (తీగలు కట్టే పట్టీ) లేచిపోయే ప్రమాదం. పైగా వాటితో చివరి తీగ కింద పలకదు. అప్పుడు అది తియ్యటి బొమ్మ వాయిద్యం అవుతుంది, క్వాత్రో కాదు.

కాగితాల దగ్గర కూర్చున్న స్పానిష్ చదివే చెల్లికి ఎంత చెప్పినా తక్కువే. ఇమిగ్రేషన్‌కి ఇచ్చే ప్రతి స్పానిష్ పత్రానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుల ధ్రువీకరణ సంతకం ఉండాలి. సారాంశం చెల్లదు. హార్పు విద్వాంసుడి దగ్గరున్న పాత పత్రికా కత్తిరింపుల్లో సగం వాటికి పేపరు పేరూ తేదీ కత్తిరించేసి ఉన్నాయి, అవి ఎందుకూ కొరగావు. ఆమె ఆ పేపర్ల పాత సంచికలు వెతికి పూర్తి పేజీలు సంపాదించింది. ఆయన పారితోషికం చెక్కు గొడవ కూడా ఆమే సర్దింది. వెనెజువేలావాళ్లకు రెండు ఇంటిపేర్లు, మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. మేం చివరిదొక్కటే రాశాం, బ్యాంకు తిప్పి పంపింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు తలకిందులై అవస్థలు పడే మనకే ఇది తట్టకపోవడం సిగ్గే.

పారితోషికం కచేరీకి ముందే పూర్తిగా ఇచ్చేశాం. 'నలుగురికీ తెలుస్తారు కదా' అని తగ్గించమన్న పెద్దలకు నమస్కారం, తగ్గించలేదు. వెనెజువేలా నుంచి వచ్చిన కళాకారులే చూడండి: న్యూయార్క్‌లో హోర్హే గ్లెమ్ క్వాత్రోని జాజ్ వేదికలెక్కించినా, నార్త్ కరొలైనాలో లారీ బెయోరిన్ భవన నిర్మాణ పని చేసుకుంటూ మళ్లీ హార్పు పట్టినా, ముందు ఇల్లు గడవాలి.

వచ్చే నెల మన హార్పు విద్వాంసుడి విమాన ప్రయాణానికి నిబంధనలు తీసిచ్చిన బాబాయ్ గారికీ ధన్యవాదాలు. 2015 నుంచి అమెరికన్ విమానసంస్థలు పెద్ద వాయిద్యాన్ని లగేజీగా తీసుకోవాలి, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు దాటకపోతే, విమానం అరలో పడితే. ఆ చివరి ముక్క వల్లే చిన్న విమానాలు కాదంటాయి, టికెట్ కొనేముందే విమానం రకం అడగాలి.

నీలం కవరున్న క్వాత్రో ఒకటి, పిల్లల చెప్పులు ఒక జత మా దగ్గర మిగిలాయి. ఈ ఆదివారం లోపల వచ్చి తీసుకెళ్లండి. క్వాత్రోని మాత్రం కారు డిక్కీలో పెట్టకండి.