వార్షిక నివేదిక: టెన్నిస్ కోర్టులు బాగుపడ్డాక తొలి ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

దోమల మందు కొట్టించడం, వానలకు ముందు కాలువ పూడిక తీయించడం, ఎండాకాలం చలివేంద్రం పెట్టడం ఎప్పటిలాగే ఈ ఏడాదీ జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. నేను మాత్రం ఈ నివేదికలో ఎక్కువగా మన పార్కులోని రెండు టెన్నిస్ కోర్టుల గురించే రాస్తున్నాను. కార్యవర్గం ఎక్కువసార్లు కూర్చున్నదీ, గొంతులు పెంచుకుని వాదించుకున్నదీ, బాధపడినదీ వాటి గురించే.

ఏళ్ల తరబడి ఆ కోర్టులు ఎలా ఉండేవో మీకు తెలుసు. పగుళ్లలో గడ్డి, మధ్యలో నెట్ లేని రెండు తుప్పు స్తంభాలు. తిరుపతి లాంటి ఊళ్లో డబ్బు కట్టకుండా సామాన్యుల పిల్లలు రాకెట్ పట్టుకునే చోటు దొరకడం కష్టం. అందుకే బాగుచేసే పని మొదలైన రోజు నుంచి మనలో చాలామంది పొద్దున వాకింగ్ ఆపి మరీ చూస్తూ నిలబడ్డారు. తారు పొర వేశారు. వాన నీరు నిలవకుండా ఒక పక్కకు కొద్దిగా వాలు ఇచ్చారు. దాని మీద ఒక పూత ఆరాక ఇంకో పూతగా అక్రిలిక్ రంగు వేశారు. ఆ రంగులో సన్నటి ఇసుక కలుపుతారు. బంతి ఎంత వేగంతో లేవాలో తేల్చేది ఆ ఇసుకే. చివర్న టేపు అంటించి తెల్ల గీతలు గీశారు. ఒక్కో కోర్టు 23.77 మీటర్ల పొడవు, డబుల్స్ ఆటకు 10.97 మీటర్ల వెడల్పు. చూడ్డానికి సిమెంటు గచ్చులా గట్టిగా కనిపిస్తుంది గానీ, పైనున్న రంగు మందం కొన్ని మిల్లీమీటర్లే. ఈ సంగతి మనకు ముందే తెలిసి ఉంటే ఈ ఏడాది సగం నష్టం తప్పేది.

మొదటి దెబ్బ మే నెలలో, గంగజాతర రోజుల్లో తగిలింది. అంబలి పోయడానికి నీడ కావాలని ఒక కోర్టులో షామియానా వేశారు. తాళ్లు కట్టడానికి ఇనుప గూటాలు కోర్టులోకే దిగ్గొట్టారు. సామాను తెచ్చిన బండ్లు లోపలే నిలిపారు. ఆ ఎండకు తారు మెత్తబడి ఉంటుంది. బండి సైడ్ స్టాండ్ అందులోకి దిగిపోయింది. మరుసటి రోజు నేను కూర్చుని ఒక గుంటలో వేలు పెట్టి చూశాను. మొదటి కణుపు దాకా దిగింది. చుట్టూ ఆకుపచ్చ రంగు నెర్రెలు విచ్చి, అంచులు పైకి లేచి ఉన్నాయి. ఆ పందిరి వేసింది ఎవరో బయటివాళ్లు కాదు, మనవాళ్లే. భక్తితో చేసిన పనే. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. కానీ కోర్టు పాడైంది అనగానే అందరం "ఆ పోకిరీ పిల్లకాయలు" అనేస్తున్నాం. మొదటి గుంటలు వాళ్లు చేసినవి కావని రికార్డులో ఉండాలి.

దీపావళికి రెండో కోర్టు వంతు వచ్చింది. చదునుగా ఉంది కదా అని చిచ్చుబుడ్లు, భూచక్రాలు అక్కడే కాల్చారు. తెల్లారి చూస్తే సర్వీస్ గీత దగ్గర అరచేతి వెడల్పున నల్లటి మచ్చలు. గోటితో గీకితే రంగు పెచ్చుగా ఊడి వచ్చింది.

ఇక కావాలని చేసినవి. నెట్‌ను బ్లేడుతో నిలువునా కోశారు. నెట్ బిగించే హ్యాండిల్ పోయింది. అది లేకపోతే మధ్యలో 3 అడుగుల ఎత్తు ఉండాల్సిన నెట్ నడుం వాలిపోతుంది. వెనకవైపు కంచెను మనిషి పట్టేంత కత్తిరించారు. గోడ పక్కన సీసా పెంకులు. ఒక పాప షూ అడుగున పెంకు దిగబడితే వాళ్లమ్మ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు సాయంత్రమే అత్యవసర సమావేశం పిలిచాను.

ఆ సమావేశంలో రెండు అభిప్రాయాలు బలంగా వచ్చాయి. పోలీసు కేసు పెట్టాల్సిందేనని పెద్దలు కొందరు పట్టుబట్టారు. చట్టం వాళ్ల వైపే ఉంది. 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం ప్రకారం ఇలాంటి పనికి 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు. కెమెరా పెడితే చాలని ఇంకొందరన్నారు. కెమెరా పెట్టాం. మొదటి నెలలో అది పట్టింది మొహానికి టవల్ చుట్టుకున్న ఒక ఆకారాన్ని మాత్రమే. కెమెరా వద్దని నేను అనను. గేటు దగ్గర ఒక్క దీపం రాత్రంతా వెలగడం మొదలయ్యాక సీసా పెంకులు తగ్గాయి, ఇది మాత్రం కళ్లారా చూశాను.

అసలు మార్పు వేరే చోట వచ్చింది. ఒక ఆదివారం, కంచె కోసిన కన్నం దగ్గర నలుగురు పిల్లకాయలు దొరికారు. పద్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయి. తాళం చెవి నా చేతిలో ఉంది, కోపంగానూ ఉన్నాను. వాళ్లలో పెద్దవాడు తల వంచకుండానే అన్నాడు: "ముందు ఇదంతా మా గ్రౌండే గదా సార్. రంగేసినాక మాకు తాళమేసినారు. బాలు లోపల పడితే కూడా ఎవురూ తీసియ్యరు."

వాడన్నది నిజం. ఆ పాడుబడ్డ కోర్టుల్లో ఇన్నేళ్లు క్రికెట్ ఆడుకున్నది వాళ్లే. బాగుచేశాక మనం తాళం వేశాం. వాళ్లెక్కడ ఆడుకోవాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. నెట్ కోసింది సరైన పని కాదు, అది వాళ్ల ముందే చెప్పాను. ఎవరు కోశారో వాళ్లు చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

ఆ తర్వాత కార్యవర్గం మెజారిటీతో తీసుకున్న నిర్ణయాలు ఇవి. కేసు పెట్టలేదు. పార్కు మూలన సర్కారు తుమ్మ కొట్టించి, నేల చదును చేయించి క్రికెట్‌కు వదిలాం. టెన్నిస్ ఆడేవాళ్ల దగ్గర బొచ్చు అరిగిన బంతులు ఊరికే పడి ఉంటాయి. అవి ఇప్పుడు గేటు దగ్గరి బుట్టలో వేస్తున్నారు, క్రికెట్ పిల్లలు తీసుకుంటున్నారు. సాయంత్రం ఒక గంట ఒక కోర్టు పిల్లలకే. రాకెట్లు సంఘం ఇస్తుంది. షూ లేకపోతే ఉత్త కాళ్లతో ఆడవచ్చు, అడుగున గట్టి స్టడ్స్, అంటే పొడుచుకొచ్చిన బుడిపెలు, ఉన్న బూట్లు మాత్రం వద్దు. ఇంకోసారి కంచె తెగినప్పుడు ఆ సంగతి మాకు ముందుగా చెప్పింది ఆ నలుగురిలో ఒకడే. పొద్దున ఆరు కాకముందే తలుపు కొట్టాడు.

కేసు పెట్టకపోవడం మెతకతనమని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో ఉంది, ఉండాలి కూడా. మళ్లీ ఎవరైనా పెద్దవాళ్లు కావాలని పాడుచేస్తే ఫిర్యాదు ఇవ్వడానికి కార్యవర్గం వెనకాడదు.

మరమ్మతులు ఆలస్యమయ్యాయని చాలామంది అడిగారు. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. తడి మీద అక్రిలిక్ పట్టదు, బుడగలు లేచి ఊడిపోతుంది. అందుకే సంక్రాంతి అయ్యేదాకా ఆగి, గుంటలు పూడ్చి, ఆరాక రంగు వేయించాం. అతుకులు ముదురుగా కనిపిస్తున్నాయంటే పనివాళ్ల లోపం కాదు, పాత రంగు ఎండకు వెలిసింది. సర్వీస్ గీత దగ్గర ఒకచోట నీరు ఇంకా నిలుస్తోంది. ఆ పని మిగిలి ఉంది.

ఈసారి జాతరకు అంబలి పందిరి పార్కు గేటు బయట, రోడ్డు వారన వేస్తున్నాం. నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకున్నారు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, టపాకాయలు, బండ్లు కోర్టుల్లోకి ఇక రావు. సభ్యులకైనా సరే మినహాయింపు లేదు. కొత్త హ్యాండిల్ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఆట అయ్యాక నెట్ కాస్త వదులు చేసి, హ్యాండిల్ తిరిగి ఇవ్వండి.

కానుగ చెట్లు పూత మీదున్నాయి. రాలిన పూలు తడిసి కోర్టుకు అంటుకుంటే మరకలు పోవు. వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు ఊడ్చే పని ఉంది. క్రికెట్ పిల్లకాయలు వస్తామన్నారు. మెత్తటి చీపుర్లు సంఘం గదిలో ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి