మైకు బాగానే పనిచేసింది

అమ్మానాన్నలందరికీ నమస్కారం.

యాన్యువల్ డే రోజు మైకు పాడవలేదు. తొమ్మిదో తరగతి పిల్లల నాటకంలో మాటలే లేవు, అంతే. ఆ రాత్రి నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో "ఇరవై నిమిషాలు సౌండ్ పోతే పట్టించుకున్న నాథుడు లేడు" అని, "సౌండ్ సిస్టం వాడికి పైసలు ఇయ్యకుండ్రి" అని, ఇంకా కొన్ని ఇక్కడ రాయలేనివి నడుస్తున్నాయి. గ్రూపులో నేను లేనని ధైర్యంగా రాస్తున్నారు కానీ, స్క్రీన్‌షాట్లు అన్నీ పొద్దున్నే నా ఫోన్‌కి వస్తున్నాయి. కాబట్టి ఈ నెల లేఖ దాని గురించే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒంటిపూట బడులు మొదలయ్యాక స్కూల్ బస్సులు ముందే వస్తాయి, టైం డ్రైవర్‌ని అడగండి. పదో తరగతి హాల్ టికెట్లు పిల్లలకు ఇవ్వం, మీరే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. ఎండలు ముదురుతున్నాయి, వాటర్ బాటిల్ మర్చిపోకండి.

ఇక నాటకం సంగతి. అది పైడి జైరాజ్ గారి మీద. "ఆయనెవరు మేడం?" అని నన్ను అడిగినవాళ్లలో కరీంనగర్ నుంచి వచ్చి హనుమకొండలో ఇల్లు కట్టుకున్నవాళ్లే ఎక్కువ, అందుకే ఇంత బాధ. ఆయన పుట్టింది 1909లో, ఆ కరీంనగర్‌లోనే. అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, సినిమా మీద మోజుతో బొంబాయి వెళ్లి, 1929లో 'జగ్‌మగాతీ జవానీ' అనే మూకీతో, అంటే మాటల్లేని సినిమాతో, తెర మీదికి వచ్చారు. తర్వాత వరసగా మూకీలు చేసి, 1932లో 'షికారీ'తో టాకీల్లోకి, అంటే మాటలున్న సినిమాల్లోకి దిగి, అక్కడా హీరోగా నిలబడ్డారు. పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్ వేషాలు హిందీ తెర మీద వేసింది మన జిల్లాల మనిషే. 'మొహర్' సినిమాకి దర్శకత్వం కూడా వహించారు. మొత్తం 150కి పైగా సినిమాలు చేశారు, 1980కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు, 2000 ఆగస్టులో ముంబైలో పోయారు. హైదరాబాద్ రవీంద్రభారతిలో ఆయన పేరు మీద ప్రివ్యూ థియేటర్ ఉంది. మీలో చాలామంది ఆ మెట్లు ఎక్కి దిగే ఉంటారు, బోర్డు చదివి ఉండరు.

పిల్లలు ఆయన మూకీ ఒక్కటైనా చూద్దామని వెతికారు, దొరకలేదు. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే మిగిలినవి చాలా కొద్ది. అప్పటి రీళ్లు నైట్రేట్‌వి, ఊరికే అంటుకునేవి. వాటిలోని వెండి కోసం కరిగించి అమ్ముకున్నవీ ఉన్నాయి. అందుకని మావాళ్లు 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'లో మిగిలిన ముక్కలు, చాప్లిన్ సినిమాలు చూసి ఆ నడక, ఆ చూపు నేర్చుకున్నారు. సోషల్ టీచర్ చెప్పాక ఇంకో సంగతి కూడా నాటకంలో కలిపారు. జైరాజ్ కుర్రవాడిగా ఉన్నప్పుడే ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ దర్శకుడు హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు, 'రజియా బేగం' అనే సినిమా ఆడించాక నిజాం ఆయన్ని రాజ్యం వదిలి పొమ్మన్నారు. పిల్ల ఒకతి నిజాం ఫర్మానా చుట్ట విప్పి, చదవకుండా, కళ్లతోనే గంగూలీ వేషం వేసిన అబ్బాయిని గేటు దాకా సాగనంపింది. నేను ఆ ఒక్క నిమిషం కోసమే ఇంకో యాన్యువల్ డే పెట్టమన్నా పెడతాను.

జైరాజ్ వేషం వేసిన అబ్బాయి గురించి చెప్పకుండా ఉండలేను. క్లాసులో లేచి జవాబు చెప్పమంటే చెమటలు పడతాయి వాడికి, మాట తడబడుతుంది. నాటకంలో టాకీలు వచ్చే సీను ఉంది కదా, పైనుంచి తాడుకు కట్టిన మైకు మెల్లగా దిగుతుంది, స్టేజీ మీద ఉన్న నటులందరూ దాన్ని పాముని చూసినట్టు చూసి ఒక్కొక్కరే జారుకుంటారు. వీడొక్కడే మిగులుతాడు. దగ్గరికి వెళ్తాడు, వేలితో మైకుని తడతాడు, టక్కుమంటుంది, ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు, మళ్లీ వస్తాడు, గొంతు సవరించుకుంటాడు. నాటకం మొత్తంలో వినపడిన శబ్దాలు ఆ రెండే. అప్పుడే వెనక వరసలోంచి ఎవరో "ఆఁ, మైకు వచ్చింది!" అని అరిచారు, హాలంతా నవ్వింది. వాడు ఆ నవ్వు ఆగేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు సలాం చేశాడు. అలా ఆగమని ఎవరూ నేర్పలేదు వాడికి.

మైకుని చూసి నటులు పడ్డ ఆ భయం ఉత్తిత్తిది కూడా కాదు. మూకీ రోజుల్లో నటుడిది ఏ భాషైనా చెల్లేది, కథ చెప్పే అక్షరాల కార్డు మారిస్తే చాలు. 1931లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' వచ్చాక హిందుస్తానీ రానివాళ్ల పని అయిపోయింది. మూకీల్లో వెలిగిన సులోచన అంతటి తార కూడా సినిమాలు ఆపుకుని కూర్చుని భాష నేర్చుకోవాల్సి వచ్చింది. కరీంనగర్‌లో పుట్టి నిజాం కాలేజీలో చదివినవాడికి ఉర్దూ కొత్త కాదు. మన మాటలో ఉర్దూ కలిసిందని సిగ్గుపడేవాళ్లు ఇది జర ఆలోచించండి.

మన పిల్లలకు ఏ హీరో సినిమా మొదటి రోజు ఎంత వసూలు చేసిందో తెలుసు. చిందు యక్షగానం ఎవరు ఆడతారో, ఒగ్గు కథ ఎక్కడ చెప్తారో తెలియదు, జైరాజ్ పేరు అసలే తెలియదు. బడిలో చెప్పకపోతే ఇంకెక్కడ తెలుస్తుంది? ఇంట్లో టీవీ చెప్తుందా? మాట లేకుండా ఆడాలంటే పక్కవాడి ముఖం చూడాలి, వాడి అడుగు ఎప్పుడు పడుతుందో కనిపెట్టాలి. రిహార్సల్స్ నడిచిన ఆ నెలలో మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరినొకరు చూసుకున్నంతగా ఎప్పుడూ చూసుకోలేదు. సినిమా పాటకు స్టెప్పులు వేయించడం మాకు చాలా తేలిక, వీడియో పెడితే వాళ్లే నేర్చుకుంటారు. అయినా వచ్చే ఏడు కూడా మాటల్లేని నాటకం ఉంటుంది, ఇప్పుడే చెప్తున్నాను.

ఇక మీ గురించి, కోపం తెచ్చుకోకండి. మీరు రావడమే మాకు సంతోషం. కానీ స్టేజీ మీద నుంచి పిల్లలకు కనపడింది మీ ముఖాలు కాదు, వరసగా లేపిన ఫోన్లు. ఒక పాప దిగి వచ్చి "టీచర్, మా డాడీ నన్ను చూసిండా?" అని అడిగింది, వీడియో తీశారు తల్లీ అన్నాను. తమ పిల్లల ఐటెం అవగానే కుర్చీలు జరుపుకుంటూ వెళ్లిపోయినవాళ్లు చాలామంది. పొద్దున టిఫిన్ దగ్గర ఫోన్ పెట్టకపోతే మావాడు ముద్ద మింగడు అని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పేది మీరే, క్లాసులో ధ్యాస లేదని మమ్మల్ని అడిగేదీ మీరే. ఆ ఫోన్ వాడు కొనుక్కోలేదు కదండీ.

సగంలో వెళ్లినవాళ్ల కోసం, మైకు పోయిందనుకున్నవాళ్ల కోసం వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు లైబ్రరీ హాల్లో పిల్లలు నాటకం మళ్లీ వేస్తున్నారు. తలుపు దగ్గర ఆఫీసు అటెండర్ బుట్ట పట్టుకుని ఉంటారు, ఫోన్లు అందులో పెట్టి లోపలికి రావాలి. అర్జెంట్ కాల్ ఉందనేవాళ్లు ఆ కాల్ అయ్యాక రండి, నాటకం మొదలైతే మాత్రం తలుపు తీయం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు