కొండ దిగి ఊళ్లోకి: లెమాంట్ తెలుగు కుటుంబాల వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా షికాగో దగ్గరి ఈ లెమాంట్‌లో మనం చేసినవీ, చెయ్యలేకపోయినవీ రాస్తున్నాను. కార్యదర్శిగా నాకిది రెండో నివేదిక. మొదటిది పండగల పట్టికలా ఉందని కొందరు మొహం మీదే అన్నారు. నిజమే, నాకూ అలాగే అనిపించింది. అందుకే ఈసారి పండగలు చప్పున ముగిస్తాను.

ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఎప్పట్లాగే ఇండియా నుంచి ఎవరి సూట్‌కేసులోనో వచ్చిందే. సంక్రాంతికి మాత్రం గండం గడిచింది. మనం అడ్వాన్సు కట్టిన హాలునే అదే రోజుకి ఇంకొకరికి కూడా ఇచ్చేశారని మూడు రోజుల ముందు తెలిసింది. ఆ టెన్షన్ ఇప్పుడెందుకు గానీ, ఒక సభ్యుడు తన గరాజ్‌లోంచి కార్లు బయటపెట్టి, రెండు హీటర్లు వెలిగించి పండగ నిలబెట్టారు. చల్లటి సిమెంటు నేల మీద ముగ్గులేస్తూ పిల్లలు మధ్య మధ్యలో హీటర్ దగ్గరికి పరిగెత్తి చేతులు కాచుకొచ్చారు. బహుమతి వాళ్ల ఓపికకే ఇచ్చాం. అడ్వాన్సులో సగం తిరిగొచ్చింది. మిగతా సగం గురించి కోశాధికారి గారు ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

ఇక అసలు సంగతి. మనలో చాలామందికి లెమాంట్ అంటే కొండ మీది రాములవారి గుడి. లెమాంట్ రోడ్డు మీద మలుపు తిరిగి పైకెక్కుతాం, దర్శనం చేసుకుంటాం, పులిహోర తింటాం, కారెక్కి ఇంటికి. ఆ గుడి కథ కూడా మన పిల్లలకు సగమే తెలుసు. 1977లో షికాగో ప్రాంతపు హిందువులు గుడి కట్టాలని కూడినప్పుడు మూలవిరాట్టుగా ఎవరుండాలన్న దగ్గర పెద్ద చర్చే జరిగింది. దక్షిణాది వాళ్లలో చాలామందికి వేంకటేశ్వరుడు కావాలి. ఉత్తరాది వాళ్లకీ మనకీ అందరికీ కావలసినవాడు రాముడు. చివరికి లెమాంట్‌లో రాముడు కొలువయ్యాడు, బాలాజీకి షికాగో చుట్టుపక్కలదే ఇంకో ఊరు అరోరాలో వేరే గుడి లేచింది. రెండూ తెరుచుకున్నది 1986లోనే. వేంకటేశ్వరుడు ఇక్కడా ఒక సన్నిధిలో ఉన్నాడనుకోండి. కొండ అన్నాక ఆయన లేకుండా ఎలా!

కొండ అంటే గుర్తొచ్చింది. 'లె మాంట్' అంటే ఫ్రెంచిలో కొండ అనే అర్థం. అంతకుముందు ఈ ఊరిని ఏథెన్స్ అనేవారు. ఇక్కడి సున్నపురాయిని వ్యాపారులు 'ఏథెన్స్ మార్బుల్' అని అమ్మింది అందుకే, అది పాలరాయి కాకపోయినా.

ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఆ కొండ దిగి పాత ఊళ్లోకి నడవడం. సెప్టెంబరులో వనభోజనాలు పెట్టుకున్నాం (కార్తీకం దాకా ఆగితే గడ్డకట్టుకుపోతాం, ఉసిరి చెట్టు ఎలాగూ లేదు, ఓక్ చెట్టుతో సరిపెట్టుకున్నాం). భోజనాలకు ముందు క్వారీల చుట్టూ, కాలువ గట్టు వెంట నడిచాం. ఒకప్పుడు రాయి తీసిన గోతులే ఇప్పుడు నీళ్లు నిండిన చెరువులు. గట్టున గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లు మన గుంపునీ, స్టీలు క్యారియర్లనీ వింతగా చూశారు.

ఆ పక్కనున్నది ఇలినాయ్-మిషిగన్ కాలువ. 1836లో తవ్వడం మొదలుపెట్టారు, మధ్యలో డబ్బుల్లేక కొన్నేళ్లు ఆగిపోయి 1848లో పూర్తయింది. 96 మైళ్లు. తవ్వినవాళ్లలో చాలామంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. తవ్వుతుంటే బయటపడిందే ఈ లేత పసుపు రాయి. షికాగోలో మనందరం ముందు నిలబడి ఫొటో దిగే వాటర్ టవర్‌ది ఈ చుట్టుపక్కల రాయే. 1869లో కట్టారు, 1871 అగ్నిప్రమాదంలో చుట్టూ ఊరు బూడిదైనా అది నిలిచింది. తర్వాత షికాగోను మళ్లీ కట్టుకోవడానికి రాయి కావాల్సొచ్చి, లెమాంట్ దశ తిరిగింది. 1873లో ఇది విలేజ్‌గా, అంటే సొంత పాలన ఉన్న చిన్న పట్టణంగా ఏర్పడింది.

ఆ రోజు మాతో ఒక సభ్యురాలి నాన్నగారు కూడా వచ్చారు. తాండూరు ఆయనది. నాపరాళ్ల క్వారీలో ముప్పై ఏళ్లు పనిచేసి, విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికొచ్చారు. పాత ఊళ్లో ఒక రాతి గోడ దగ్గర ఆగి, జేబులోంచి తాళంచెవి తీసి టకటకమని కొట్టి చెవి దగ్గర పెట్టారు. గోడ అంచున పెచ్చులు లేచిన చోట గోటితో తడిమారు.

"ఇది గూడ పొరల రాయే బిడ్డా. మన బండల్లెక్కనే. సరిగ్గ సూసి సుత్తె ఏస్తే పలక పలక లేస్తది. గని నీళ్లు దిగి గడ్డకడితే మాత్రం పెచ్చులూడుతది, ఇగో ఇట్ల."

సరిగ్గా అదే ఈ రాయి గుణం. మెత్తగా కోతకు లొంగుతుంది, మంచుకు ఒలిచినట్టు రాలుతుంది. పుస్తకం చూసి నేను వారం రోజులు నేర్చుకున్నది ఆయన ఒక్క తాళంచెవితో తేల్చేశారు.

1885లో ఇక్కడి క్వారీ కూలీలు కూలి కోసం సమ్మె చేశారనీ, గవర్నరు మిలీషియాను, అంటే రాష్ట్ర సైనిక దళాన్ని పంపాడనీ, కాల్పుల్లో కార్మికులు చనిపోయారనీ నేను చెప్పినప్పుడు ఆయనేం మాట్లాడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు నీళ్ల వైపు చూశారు. భోజనాల దగ్గర మాత్రం ఆ సంగతే మూడుసార్లు అడిగారు. తర్వాత సిమెంటూ, ఇండియానా రాయీ వచ్చి ఇక్కడి క్వారీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తాండూరులోనూ టైల్స్ వచ్చాక బండల గిరాకీ తగ్గిందని ఆయన ఒక్క నిట్టూర్పుతో ఊరుకున్నారు.

నడకకు వచ్చిన పిల్లలే ఇప్పుడు మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు. కాబట్టి వచ్చే ఏడాది సాంస్కృతిక కార్యక్రమాల్లో ఒకటి తగ్గించి, రెండో నడక పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. ఈసారి లిథువేనియన్ల కేంద్రానికి వెళ్దాం. పాత సెమినరీ (క్రైస్తవ గురువులు చదువుకునే బడి) భవనాన్ని కొని బడి, చర్చి, మ్యూజియం అన్నీ ఒకే కప్పు కింద నడుపుకుంటున్నారు. మనం గరాజ్ హీటర్ల దగ్గరున్నాం, వాళ్లను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశంలో చెప్పండి. వాట్సాప్‌లో వద్దు.

లెక్కలు విడిగా పంపాం. హాలు అడ్వాన్సు తప్ప మిగతావన్నీ సరిపోయాయి. చందా కట్టనివారు ఈ నెలాఖరులోగా కట్టగలరు.

వనభోజనాల్లో మిగిలిపోయిన మూతలేని స్టీలు గిన్నె ఒకటి, గిన్నెలేని మూత ఒకటి మా ఇంట్లోనే ఉన్నాయి. రెండూ ఒకదానివి కావు. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి.