క్రిస్మస్ కార్డు: కోత యంత్రానిది, కూర్పు చేతిది

సంపాదకులకు,

చేత్తో తయారుచేసే క్రిస్మస్ కార్డుల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ అలవాటు మళ్లీ చిగురిస్తోందన్న మాట సంతోషం కలిగించింది. అయితే తెరమీది బొమ్మ ప్రకారం కాగితాన్ని కోసే ఎలక్ట్రానిక్ కటింగ్ మెషిన్ మీద కత్తిరించిన కార్డును చేతి కార్డుగా లెక్కించనక్కర లేదని వ్యాసకర్త తేల్చివేయడంతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. చాలాకాలం కత్తెరతోనూ సన్న కత్తితోనూ కార్డులు చేసి, ఈ మధ్యనే అలాంటి యంత్రాన్ని కొనుక్కుని వాడుతున్నదాన్ని కాబట్టి, రెండు పద్ధతుల్లోని మంచిచెడ్డలూ తెలిసి ఈ లేఖ రాస్తున్నాను.

క్రిస్మస్ కార్డు ఒకప్పుడు పూర్తిగా చేతిపని అయినట్టూ, యంత్రాలు ఇప్పుడే వచ్చి దాన్ని పాడుచేస్తున్నట్టూ ఆ వ్యాసంలో ధ్వనించింది. వాస్తవం వేరు. అచ్చయి అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా పేరున్నది 1843లో లండన్‌లో వెలువడింది. అంతకు మూడేళ్ల ముందు, 1840లో, బ్రిటన్‌లో ఎంత దూరానికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే తపాలా పద్ధతి మొదలైంది; దాంతో ఉత్తరాలు పెరిగాయి, జవాబు రాయవలసిన భారమూ పెరిగింది. అందరికీ విడివిడిగా రాసే తీరిక లేని హెన్రీ కోల్ అనే అధికారి, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, రాతి అచ్చు మీద సుమారు వెయ్యి ప్రతులు వేయించాడు. రంగులు మాత్రం చేత్తోనే అద్దించారు. ఎవరికి, ఎవరి నుంచి అన్నచోట పేర్లు రాసుకోవడానికి ఖాళీ వదిలారు. శ్రమ తగ్గించుకోవాలన్న కోరికా, యంత్రమూ చేయీ పని పంచుకోవడమూ ఈ కార్డు పుట్టుకలోనే ఉన్నాయన్నమాట. అదే శతాబ్దంలో ప్రజలు మురిసిపోయిన జాలీ అంచుల కాగితాలు కూడా ప్రెస్సుల మీద తయారైనవే గానీ ఎవరో కూర్చుని కత్తెరతో కత్తిరించినవి కావు.

ఇక ఈ కొత్త యంత్రం నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. జిగురు పొర ఉన్న మ్యాట్ మీద అట్ట కాగితాన్ని అంటించి లోపలికి పంపితే, రోలర్లు ఆ మ్యాట్‌ను ముందుకూ వెనక్కూ నడుపుతాయి, బ్లేడు కుడికీ ఎడమకూ కదులుతుంది. ఈ రెండు కదలికలూ కలిసి తెరమీద ఉన్న గీతను కాగితం మీద కోతగా మారుస్తాయి. మామూలు బ్లేడు మొన సరిగ్గా ఇరుసు కింద కాకుండా కాస్త పక్కకు ఉంటుంది కాబట్టి, గీత ఎటు తిరిగితే అది కూడా అటే తిరుగుతుంది. ఇలాంటి యంత్రాల్లో పేరున్న క్రికట్ అయినా, సిల్హౌట్ కేమియో అయినా, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ అయినా చేసే పని ముఖ్యంగా ఇదే. గీతను అనుసరించడం దాని పని. ఆ గీత ఎక్కడ ఉండాలో, ఏ కాగితం మీద ఉండాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడం మన పని.

ఈ నిర్ణయాలు పైకి కనిపించినంత చిన్నవి కావు. ఉదాహరణకు కాగితానికి నార వాలు, అంటే లోపలి నారలు ఎక్కువగా సాగి ఉండే దిశ, ఉంటుంది. ఆ వాలు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) పైబడిన అట్ట వీపు మీద పగుళ్లు తేలతాయి. పైపొరకే రంగు ఉండి లోపల తెల్లగా ఉన్న అట్ట అయితే ఆ పగుళ్లు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మ్యాట్ మీద అట్టను ఏ వైపుగా పెట్టామో యంత్రానికి పట్టదు. రెండు చేతులతో అట్టను మెల్లగా వంచి, ఏ వైపు సులువుగా వంగుతోందో చూసి పెట్టవలసింది మనిషే. కాగితం మారినప్పుడల్లా ఒక మూల చిన్న త్రికోణం కోయించి, బ్లేడు ఒత్తిడి సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఒత్తిడి చాలకపోతే ముక్క ఊడిరాదు, ఎక్కువైతే మ్యాటే తెగుతుంది. బ్లేడు మొద్దుబారితే క్రిస్మస్ చెట్టు కొమ్మల కొసలు తెగవు, చిరుగుతాయి.

అన్నిటికంటే ఓపిక కావలసింది కోత అయిపోయాక. కోసిన కాగితాన్ని మ్యాట్ మీద నుంచి పట్టి లాగితే అది చుట్టుకుపోతుంది. మ్యాట్‌నే బోర్లించి, కాగితాన్ని బల్లకు ఆనించి ఉంచి, మ్యాట్‌ను కొద్దికొద్దిగా వెనక్కు వంచుతూ పోతే కాగితం చదునుగా మిగులుతుంది. జాలీ పనిలో లోపలి గవాక్షాల్లోంచి రాలవలసిన పొట్టు ముక్కలను సూదిమొనతో ఒక్కొక్కటిగా తోయాలి. ఆ తరువాత పొరల మధ్య నురుగు టేపు పెట్టి ఎత్తు చూసుకోవడం, జిగురు బయటకు పొంగకుండా అద్దడం, మడత మీద గీత ఒత్తడం, చివరికి లోపల నాలుగు మాటలు రాయడం, ఇవన్నీ చేతి పనులు కాక మరేమిటి? కుట్టు మిషన్ మీద కుట్టిన బట్టలను ఇంట్లో కుట్టినవని చెప్పుకోవడానికి ఎవరూ వెనకాడరు కదా.

మన లిపితో పని చేసేవారికి మరో సంగతి అనుభవంలోకి వస్తుంది. ‘శుభాకాంక్షలు’ అన్న మాటను కార్డు ముఖం మీద కిటికీలా కోయించి చూడండి. ‘కాం’లోని సున్నా నడుమ ఉండే బిళ్ల అట్టతో సంబంధం తెగిపోయి రాలిపోతుంది, వలయం ఉండవలసిన చోట గుండ్రటి బెజ్జం మిగులుతుంది. అదే మాటను అక్షరాలుగా కోసి అంటించాలనుకుంటే చిక్కు తిరగబడుతుంది: సున్నా తన మానాన తాను ఊడివస్తుంది, ప, స, హ వంటి అక్షరాలుంటే వాటి తలకట్టు ఒళ్లు వదిలి విడి ముక్కగా వస్తుంది. విడిపోయే ముక్కలను పట్టి ఉంచే సన్నని వంతెనలు గీసి, అవి చదువరి కంటికి అడ్డురాకుండా అమర్చాలి. తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేని డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అలాంటప్పుడు మాటను వేరేచోట కూర్చి, బొమ్మగా మార్చి, గీతలుగా తీసుకోవాలి. ఇంత చేశాక ఆ అక్షరాలు యంత్రం చేసినవని ఎవరైనా అంటే మనసు ఒప్పుకోదు.

ఈ యంత్రాల మేలు ఎవరికి ఎక్కువో వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాలేదు. కీళ్లనొప్పులతో కత్తెర పట్టలేనివారు, చూపు మందగించి సన్న కత్తితో గీత వెంట పోలేనివారు తమ ఆలోచన మానుకోనక్కర లేకుండా కార్డు పూర్తి చేసుకోగలుగుతున్నారు. స్కానర్ ఉన్న యంత్రమైతే పిల్లలు నల్ల స్కెచ్ పెన్నుతో గీసిన వంకర నక్షత్రాన్ని ఆ వంకరతోనే కోసి ఇస్తుంది. ఆ వంకరను సరిచేయాలని నాకెప్పుడూ అనిపించలేదు.

అయినా వ్యాసకర్త ఆక్షేపణలో ఒక భాగం న్యాయమైనదే. ఎవరో గీసిన ఫైలును దించుకుని, మీట నొక్కి, వచ్చినదాన్ని మడిచి ‘చేతితో చేసినది’ అన్న చీటీ తగిలించి అమ్మేవారున్నారు. సొంతానికి వాడుకోవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లతో సరుకు తయారుచేయడం గీసినవారి హక్కును కాజేయడమే. కొన్నవారిని కూడా అది తప్పుదోవ పట్టిస్తుంది. అమ్మే కార్డు వెనుక ‘డిజైన్ ఫలానావారిది, కోత యంత్రంతో, కూర్పు చేత్తో’ అని ఒక వాక్యం రాస్తే ఈ తగాదా చాలావరకు తీరుతుంది. ఆ మాటకొస్తే, పూర్తిగా కత్తెరతోనే చేసిన కార్డు మీద ఆ సంగతి రాసుకుంటే దానికి దక్కవలసిన గౌరవమూ దక్కుతుంది. ఇంట్లోవారికీ స్నేహితులకూ ఇచ్చుకునే కార్డుకు ఈ ప్రకటనలేమీ అక్కరలేదు.

తయారు ఫైళ్ల మీద నాకున్న మరో ఫిర్యాదు మంచు రేకులది. నిజమైన మంచు స్ఫటికం ఆరు కోణాలది; బజారులో దొరికే డిజైన్లలో ఎనిమిది రేకులవి కూడా నిస్సంకోచంగా తిరుగుతున్నాయి. కాగితాన్ని వరసగా మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే ఎనిమిదే వస్తాయి కాబట్టి ఆ పొరపాటు చేతిపని నుంచే యంత్రానికి సంక్రమించి ఉండవచ్చు. ఒకసారి సగానికి మడిచి, ఆ సగాన్ని మూడు భాగాలుగా మడిస్తే ఆరు వస్తాయి.

చివరగా మీకొక విన్నపం. డిసెంబరులో మీరు వేసే చేతిపనుల పుటలో రంగుల ఫొటోలు నిండుగా ఉంటాయి గానీ, పాఠకులు వాడుకోదగ్గ నమూనా ఉండదు. తెగిపోని నల్లని గీతలతో, కత్తెరతోనైనా యంత్రంతోనైనా కోయడానికి వీలయ్యే ఒక బొమ్మను, ఎ4 కాగితంలో సగాన్ని మడిస్తే వచ్చే కార్డు కొలతకు సరిపోయేలా అచ్చువేయండి. దానితోపాటు, వంతెనలు సరిగా అమర్చిన ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అన్న అక్షరాలను మీ చిత్రకారుల చేత గీయించి ఇవ్వండి. నెల మొదటివారంలోనే వస్తే కార్డులు చేసి తపాలాలో వేయడానికి వ్యవధి ఉంటుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు